తొందరేం లేదన్న ఉత్తరాలు

జయంతి ఆంటీ పంపిన పదకొండో మెయిల్ చదివేసరికి త్రివేణికి ఒళ్లు మండిపోయింది. ఉద్యోగం మానుకుని, మరిది రాజీవ్‌తో కలిసి, అమెరికాలో, క్యారీ ఊళ్లోని తమ ఇంటి గరాజ్‌లోనే ఏడాదిన్నరపాటు కూర్చుని తయారుచేసుకున్న యాప్ మరి. ముచ్చటపడి దానికి ‘చిటిక’ అని పేరు పెట్టుకుంది. వచ్చిపడే మెయిళ్లను అదే చదివి, ఇప్పుడే జవాబివ్వాల్సినవి ఒక గంపలోకి, తర్వాత చూసుకోదగ్గవి మరో గంపలోకి ఏరి పెడుతుంది. సోమవారం దాన్ని లోకం మీదికి వదలాలి. ఈలోగా వాడి చూసి బాగోగులు చెప్పమని తెలిసినవాళ్లు అరవైమందికి ఇచ్చారు. యాభైతొమ్మిదిమంది అయిదేసి నక్షత్రాలు వేశారు. జయంతి మాత్రం ఒక్కటే వేసింది. అదీ సున్నా వెయ్యనివ్వలేదు కాబట్టి వేస్తున్నానని రాసి మరీ వేసింది.

ఈ జయంతి పరాయి మనిషేం కాదు. పంటి డాక్టరుగారి క్లినిక్‌లో పద్నాలుగేళ్లుగా ముందు కౌంటర్ చూసుకుంటోంది, అక్కడికొచ్చే మెయిళ్లకే చిటికను వాడి చూస్తోంది. త్రివేణి కూతురు నిధి బారసాలకు నలభైమందికి గుత్తివంకాయ వండిపెట్టిన చెయ్యే అది. ఆ చేత్తోనే ఇప్పుడు, మీ చిటిక మనుషుల ప్రాణాలు తీస్తుందని రాసింది.

“ఆవిడ్ని లిస్టులోంచి తీసెయ్ వదినా. అందరికీ నచ్చింది, ఈవిడొక్కతికే నొప్పి” అన్నాడు రాజీవ్.

త్రివేణి తియ్యలేదు. మొహం మీదే అడిగేద్దామని శనివారం మధ్యాహ్నం కారేసుకుని క్లినిక్‌కి బయల్దేరింది. అనవలసిన మాటలన్నీ దారిపొడుగునా నూరుకుంటూనే వెళ్లింది.

జయంతి కూర్చోమనలేదు, మంచినీళ్లు కావాలా అనలేదు. కంప్యూటర్ తెర ఇటువైపు తిప్పింది.

“చదువు. పైకి చదువు.”

సత్యంగారని డెబ్బై దాటిన పెద్దాయన, పోయిన సోమవారం రాసిన మెయిల్. ముందు నమస్కారాలు, తర్వాత డాక్టరుగారి పిల్లల క్షేమం, ఆపైన ఎండల సంగతి. అడుగున ఎక్కడో, పన్ను కాస్త సలుపుతోంది, మీకు వీలైనప్పుడు చూడండి, తొందరేం లేదు అని.

“నాలుగు రోజులు మీ ‘తర్వాత’ గంపలో పడుంది. నిన్న దవడ ఇంతలావు పొంగి, నోరు తెరుచుకోక, ఆయన్ని అంబులెన్స్‌లో తీసుకుపోయారు. తొందరేం లేదంటే పక్కన పడెయ్యమని దీనికి నేర్పిన తెలివిగలవాళ్లెవరు?”

నేర్పింది త్రివేణే. ఆ ఊహ తట్టిన రోజున సేమ్యా పాయసం కాచి రాజీవ్‌కి కప్పుడు పెట్టింది కూడా.

“నేనే ఆంటీ” అంది.

“నువ్వసలు తెలుగుదానివేనా? మనవాళ్లు తొందరేం లేదని ఎప్పుడంటారో తెలీదూ?”

తెలియకేం. నిధి పుట్టేనాడు ఉమ్మనీరు పోయి సోఫా తడిసిపోతుంటే, ఆఫీసులో ఉన్న మొగుడికి తను పెట్టిన మెసేజ్ ఏమిటి? మీటింగ్ అయ్యాక, వీలు చూసుకుని రమ్మనే కదా.

ఆయనకిప్పుడెలా ఉందని అడిగింది.

“బతికాడు. అది ఆయన అదృష్టం, నీది కాదు. ఇంక వెళ్లు.”

ఇంటికొస్తూనే త్రివేణి తన చిటికలో ‘తర్వాత’ గంప తెరిచింది. తనూ రాజీవ్ నక్షత్రాలు లెక్కపెట్టుకుని మురిసిపోయారే గానీ, వాటితోపాటు వచ్చిన ఉత్తరాలు ఇద్దరిలో ఒక్కరూ విప్పి చూడలేదు. ఒక్కొక్కటే విప్పింది. చాలా బాగుంది తల్లీ, మా పిల్లాడి స్కూలువాళ్ల మెయిల్ మాత్రం కనపడలేదు, ఖాళీ దొరికితే చూడు. బ్రహ్మాండంగా ఉందమ్మా, మా చెల్లెలి ఉత్తరం వారం తర్వాత దొరికింది, తొందరేం లేదులే. నలభైమందికి పైగా చెప్పనే చెప్పారు. మొహమాటంలో చుట్టి చెప్పారు. జయంతి తిట్లొక్కటే తిన్నగా ‘ఇప్పుడే’ గంపలోకి వచ్చిపడ్డాయి.

రాజీవ్‌ని పిలిచి అన్నీ చూపించింది. అతను సగం కూడా చదవలేదు. ముందు వదిలేసి ఆనక సరిచేసుకోవచ్చని, ప్రపంచమంతా అదే చేస్తుందని, సోమవారం ఆపితే తానుండనని కచ్చితంగా చెప్పాడు.

“ఆపుతున్నాను” అంది త్రివేణి.

“అయితే మీ ఆంటీనే పార్ట్‌నర్‌గా పెట్టుకో వదినా. రోజుకో తిట్టు ఫ్రీ.”

గరాజ్ తలుపు దడాలున మూసుకుంది. కారు వెళ్లిపోయిన చప్పుడూ వినిపించింది. అరగంటకు అతని దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. చిటిక దాన్ని చదివి, నెమ్మదిగా ‘తర్వాత’ గంపలో పెట్టింది.

వదినా, కంపెనీ కాగితాల్లోంచి నా పేరు తీసెయ్. నీకు వీలైనప్పుడే. తొందరేం లేదు.

త్రివేణి రెండుసార్లు చదువుకుంది. ఫోన్ చేసి బతిమాలలేదు. కుర్చీ ముందుకు లాక్కుని అప్పటికప్పుడే అతని పేరు తీసేసే కాగితాలు మొదలుపెట్టింది. అది పూర్తయ్యాక, తను పాయసం కాచి పండగ చేసుకున్న ఆ ఏర్పాటును కూడా చిటికలోంచి పీకేసింది.