ముందు దిగే ముగ్గురు

తమ్ముడు దగ్గుతుంటే, పక్కగదిలో పరీక్ష పేపర్లు దిద్దుతున్న అక్క చేతిలో పెన్ను ఆగిపోయేది.

అతను రసాయనాల ఫ్యాక్టరీలో ట్యాంకులు కడుగుతాడు. వారానికోసారి పెద్ద ట్యాంకు ఖాళీ చేసి ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు దిగాలి. ముందు దిగిన ముగ్గురికీ అడుగున పేరుకున్న ఆవిరి తగులుతుంది. మిగతావాళ్ళు దిగేసరికి ఫ్యాన్లు దాన్ని లాగేస్తాయి. ఎవరు ముందో సూపర్‌వైజర్ పేర్లు రాసిన చీటీలు ఒక్కొక్కటే తీసి తేలుస్తాడు.

"ఈ వారమూ నువ్వు ముందేనా?"

"నేనూ, మాస్కులు కావాలని నాతోపాటు గొడవపడిన ఆ ఇద్దరూ. వరసగా మూడు వారాలు. మా టైం బాగాలేదక్కా."

లెక్కల టీచరు ఊరుకుంటుందా? పేపర్లు పక్కకు నెట్టింది.

"ఆరుగురిని వరసలో ఏడువందల ఇరవై రకాలుగా నిలబెట్టొచ్చురా. మీ ముగ్గురూ ముందుండాలంటే, మీలో మీరు ఆరు రకాలుగా మారొచ్చు, వెనకవాళ్ళూ అంతే. ఆరార్లు ముప్పై ఆరు. అంటే ఇరవైలో ఒక వంతు."

"ఎప్పుడో ఒకసారి వస్తుందిగా మరి?"

"ఒకసారైతే సరే. వరసగా రెండుసార్లంటే నాలుగువందల్లో ఒకటి. మూడుసార్లంటే ఎనిమిదివేలల్లో ఒకటి. ఎంత పాడు టైం అయినా, ఇలా చెప్పినట్టు వింటుందా?"

తమ్ముడు నవ్వబోయాడు. దగ్గు అడ్డొచ్చింది.

మళ్ళీ చీటీలు తీసే రోజు ఆమె సెలవు పెట్టి అతని వెంట వెళ్ళింది. ట్యాంకు ముందు బల్ల చుట్టూ ఆరుగురూ నిలబడ్డారు. సూపర్‌వైజర్ డబ్బా గలగలలాడించాడు.

"ఈసారి నేను తీస్తానండీ," అంది.

అందరి చూపులూ తన మీదే ఉండటంతో సూపర్‌వైజర్ కాదనలేకపోయాడు. పెదాలతో నవ్వాడు. "తీయండమ్మా. మీ చెయ్యి మంచిదేమో."

ఆమె డబ్బాలో చెయ్యి పెట్టింది. మూడు చీటీలు అట్టముక్కల్లా బిరుసుగా ఉన్నాయి. మూడు పలచగా, మెత్తగా ఉన్నాయి. బిరుసువి ఎవరివో వేరే చెప్పాలా? మెత్తవి ముందు తీస్తే చాలు, తమ్ముడు గట్టెక్కుతాడు. ఒకదాన్ని పట్టుకుంది కూడా.

ఎదురుగా, ఎప్పుడూ వెనక దిగే పెద్దాయన లోతుకుపోయిన కళ్ళతో ఆమె చేతినే చూస్తున్నాడు. ఆ మెత్తని చీటీ ఆయనదే కావచ్చు. అవి మూడూ ముందొస్తే అదీ ఆ ముప్పై ఆరు వరసల్లాంటిదే. మనుషులే మారతారు.

పట్టుకున్నది వదిలేసి డబ్బాను బల్లమీద బోర్లించింది.

"మూడు మందం, మూడు పలచన. మీరే పట్టుకుని చూడండి."

ఒక్కొక్కరే పట్టి చూశారు. పెద్దాయన తన చీటీని చింపేసి నేలమీద చతికిలబడ్డాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ కూర్చున్నారు. ఆ రోజు ట్యాంకు మూత తెరుచుకోలేదు.

సూపర్‌వైజర్ కేకలేమీ వెయ్యలేదు. మిగిలిన చీటీలు ఏరి జేబులో వేసుకున్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు.

"లెక్కలు బాగా చెప్తారనుకుంటానమ్మా. ఏ స్కూల్లో?"

ఆమె పెదవి విప్పలేదు.

"మా మనవరాలు చదివేదీ ఈమె దగ్గరేనండీ!" పెద్దాయన గర్వంగా అంటూ స్కూలు పేరు చెప్పేశాడు.

సూపర్‌వైజర్ తల ఊపి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి, అతను ఫోను చెవికి ఆనించుకోవడం ఆమెకు కనిపించింది.