వెయ్యని తువ్వాలు

పాస్టరుగారికి ఆటలు తప్ప వేరే పోలిక చేతకాదు. ఆయన బైబిలు మర్చిపోయి వచ్చినా వస్తాడు గానీ, ఈల మర్చిపోయి రాడని సంఘంలో వాళ్లు వెనకాల నవ్వుకుంటారు. ముందు కూడా నవ్వుతారు, ఆయన ఏమీ అనుకోడు. "తప్పు ఆట ఆడింది మీరు. ఎర్ర కార్డు తీసుకుని మైదానం వదిలింది ప్రభువు. రక్షణంటే అదే!" అని ఈల ఊదుతాడు. "రిలేలో మీరు బోర్లా పడ్డారు. మీ వంతు కూడా ఆయనే పరిగెత్తాడు. పతకం మాత్రం తెచ్చి మీ మెడలో వేశాడు." ఫుట్‌బాల్, ఈత, ఆఖరికి చదరంగం కూడా అయ్యాయి. బాక్సింగ్ మాత్రం ఎన్నడూ ఆయన నోట రాలేదు.

ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఆయనకు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పని. ఆవిరి నిండిన ఆ గదిలో రోజూ వందలకొద్దీ తెల్ల తువ్వాళ్లు ఆయన చేతుల్లో మడతపడతాయి. దేవుడికి వెటకారం తెలియదనేవాళ్లు ఒకసారి వెళ్లి ఆ గది చూసి రావాలి.

ఎందుకంటే ఆయన బతుకంతా ఒక తువ్వాలు దగ్గరే ఆగిపోయింది. ఇరవై ఏళ్ల కిందట ఆయన తమ్ముడు బాక్సరు. రింగులో తమ్ముడు, మూలలో అన్న. మూలలో ఉన్నవాడి భుజాన ఒక తువ్వాలు ఉంటుంది. మనవాడు ఇక తట్టుకోలేడనిపిస్తే దాన్ని రింగులోకి విసరాలి. విసిరితే పోటీ ఆగిపోతుంది. ఓడిపోయినట్టే, కానీ మనిషి మిగులుతాడు. ఆ రోజు అన్న విసరలేదు. తమ్ముడు చివరి రౌండులో పడిపోయాడు. పదకొండు రోజులకు కళ్లు తెరిచాడు గానీ, పూర్తిగా తిరిగి రాలేదు.

"వాడు మొండివాడమ్మా. ఏమైనా సరే తువ్వాలు వెయ్యొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు," అని ఆసుపత్రి వరండాలో మరదలికి చెప్పాడాయన. ఆమెకు అప్పటికి పెళ్లయి ఏడు నెలలు. నమ్మింది.

అది పచ్చి అబద్ధం. చివరి రౌండుకు ముందు స్టూలు మీద కూలబడి తమ్ముడు, "నా వల్ల కాదన్నా. తువ్వాలు వేసెయ్," అన్నాడు. పాయింట్లలో తమ్ముడే ముందున్నాడు. గెలుపు చేతికందేంత దూరంలో ఉంది. అన్న వాడి నోట్లో నీళ్లు పోసి, వీపు చరిచి లేపాడు. "ఇదే చివరిది రా. ఇంకొక్కటే," అన్నాడు.

ఆ తర్వాతే ఆయన దేవుడి దగ్గరికి పరిగెత్తాడు. ఊరందరికీ క్షమాపణ పంచిపెట్టాడు గానీ తన వంతు తీసుకోవడానికి చెయ్యి చాచలేకపోయాడు. చాచాలంటే ముందు మరదలికి నిజం చెప్పాలి. ఆ ధైర్యం ఏ ఆదివారమూ రాలేదు.

తమ్ముడికి ఇప్పుడు రౌండు మొదలయ్యే గంట ఒక్కటే గుర్తు. తలుపు గంట గానీ సైకిల్ గంట గానీ, ఏది మోగినా లేచి నిలబడతాడు. గడ్డం దించి, పిడికిళ్లు ఎత్తి, ఎవరూ లేని చోటికి అడుగు వేస్తాడు. ఇంట్లో తలుపు గంట తీసేయించారు, వచ్చినవాళ్లు చేత్తో తట్టాల్సిందే. లేచినప్పుడల్లా వాడు అడిగేది ఒక్కటే.

"ఏ రౌండన్నా?"

"చివరిదే రా," అంటాడు పాస్టరు. ఇంకో మాట ఆయన నోటికి రాదు. అది విని తమ్ముడు తలూపి, చెమటలు కక్కేదాకా గాలితో తలపడతాడు. ఇరవై ఏళ్లుగా ఆ చివరి రౌండు అయిపోలేదు.

ఒక శనివారం భోజనాల దగ్గర మరదలు, మొగుడి మూతి తుడుస్తూ అంది: "బావగారూ, అన్ని ఆటలూ చెప్పారు. రేపు ఈయన ఆట చెప్పండి. మొండితనం మనిషిని ఏం చేస్తుందో నలుగురికీ తెలియాలి."

"ఇప్పుడెందుకులేమ్మా."

"ఎందుకేంటి? ఆ ఒట్టు వేయించుకునేటప్పుడు, ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఈ మనిషికి ఒక్కసారైనా గుర్తొచ్చిందా? ఇరవై ఏళ్లుగా అదే అడుగుతున్నాను. జవాబు లేదు."

పాస్టరు కంచం పక్కకి జరిపాడు. సరేనన్నాడు.

మర్నాడు లాండ్రీ నుంచి తెచ్చిన ఒక తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. టైర్ల దుకాణం మీద, సంఘం కూడుకునే హాలు కిటకిటలాడుతోంది. పొద్దున్నే ఎవరో భక్తుడు ఒక పెద్ద గోడ గడియారం తెచ్చి తగిలించి వెళ్లాడు. అది గంటలు కొడుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

"రింగులో మనం. మూలలో ప్రభువు," అని మొదలుపెట్టాడు పాస్టరు. "మనకిక చేతకాదని మనకన్నా ముందు ఆయనకే తెలుసు. అందుకే తన ప్రాణాన్నే తువ్వాలుగా విసిరాడు. విసరొద్దని మొండికేసేది మనమే. ఇదిగో, మా తమ్ముడు కూడా ఆ రోజు నాతో..."

గడియారం పది కొట్టడం మొదలుపెట్టింది.

మరదలి పక్కన కుర్చీ వెనక్కి పడ్డ చప్పుడైంది. తమ్ముడు నడవ మధ్యలో నిలబడ్డాడు. జుట్టు నెరిసింది, పిడికిళ్లు మాత్రం అలాగే లేచాయి. "ఏ రౌండన్నా?"

అలవాటైన మాట పాస్టరు నాలుక చివరిదాకా వచ్చింది. అదే మాటతో వాణ్ని ఆ రోజు రింగులోకి తోశాడు. ఇరవై ఏళ్లుగా అదే మాటతో రోజూ తోస్తున్నాడు.

"వాడు అడిగాడమ్మా," అన్నాడు మరదలి వైపు తిరిగి. "ఒట్టూ లేదు, గిట్టూ లేదు. తువ్వాలు వెయ్యమని వాడే బతిమాలాడు. నేనే లేపి పంపాను."

భుజం మీది తువ్వాలు తీసి విసిరాడు. అది తమ్ముడి కాళ్ల ముందు పడింది.

తమ్ముడు దాన్ని చాలాసేపు చూశాడు. "ఓడిపోయామా అన్నా?"

"ఓడిపోయాం రా. అయిపోయింది."

"హమ్మయ్య," అని తమ్ముడు నేల మీదే కూర్చున్నాడు.

మరదలు వచ్చి పక్కన కూలబడింది. వాడి పిడికిలి వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. తువ్వాలుతో మొహం తుడిచింది. "ఆ రోజు ఇంటికి వచ్చేద్దామనుకున్నావా?" అని మొగుణ్ని అడిగింది. తర్వాత ఎవరినీ చూడకుండా, "ఇన్నేళ్లూ ఈయన్ని తిట్టుకున్నాను బావగారూ," అంది.

పాస్టరుకు ఏ పోలికా దొరకలేదు. కుర్చీలో కూర్చుని తల వంచుకున్నాడు. ఎవరో సన్నగా పాట అందుకున్నారు, అదీ మధ్యలో ఆగిపోయింది. వెళ్లిపోవడానికి మాత్రం ఎవరికీ కాళ్లు రాలేదు. తమ్ముడు పెళ్లాం భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

గడియారం పదకొండు కొట్టడం మొదలుపెట్టగానే అందరూ ఊపిరి బిగబట్టి తమ్ముడి వైపు చూశారు. వాడు కదల్లేదు. లేచి నిలబడ్డది పాస్టరు. రెండు చేతుల పిడికిళ్లూ బిగుసుకుని ఉన్నాయి. గంటలు ఆగాక కూడా ఆయన అలాగే నిలబడ్డాడు.

మరదలు తలెత్తి ఆయన్ని చూసింది.

"కూర్చోండి బావగారూ," అంది.