మాస్టారి తెలివితేటలు

మొగుడి చొక్కా జేబులు తడమకుండా వాషింగ్ మెషిన్‌లో వేసే ఆడవాళ్లు ఉన్నారో లేదో గానీ, మాస్టారి భార్య మాత్రం ఎన్నడూ వెయ్యలేదు. సుద్దముక్కలు, పెన్ను మూతలు, బస్సు టికెట్లు దొరుకుతుంటాయి. ఈసారి నాలుగు మడతలు పెట్టిన చీటీ దొరికింది.

చీటీలు ఆ ఇంటికి కొత్త కాదు. మాస్టారు హైస్కూల్లో సైన్సు చెబుతారు. ఆదివారం పొద్దున లైబ్రరీ హాల్లో ఆకాశం గురించి ఉపన్యాసం ఇస్తారు. విన్నవాళ్లు చీటీల మీద ప్రశ్నలు రాసిస్తే తెచ్చి భార్య ముందు పడేస్తారు. ఆవిడ బీన్స్ తరుగుతూనో, అత్తగారి మోకాళ్లకి మందు రాస్తూనో ఆలోచించి జవాబు చెబుతుంది. ఆయన రాసుకుని, మరుసటి వారం తన గొంతుతో వినిపిస్తారు. గొంతు బాగుంటుంది, కాదనకూడదు. కాలేజీలో ఇద్దరిదీ ఒకే క్లాసు. ఆవిడ ఫస్టు, ఆయన పదకొండు. ఆ సంగతి ఇంట్లో ఎత్తకూడదు.

ఈ చీటీ మాత్రం ఆయన ఇవ్వలేదు. గుండ్రటి అక్షరాలు, లైబ్రేరియన్‌వి. ఏడాదిగా ఆ దస్తూరీకి ఆవిడే జవాబులు చెబుతోంది.

"ఇది ప్రశ్న కాదు మాస్టారూ. చంద్రుడు మనకి ఎప్పుడూ ఒకే ముఖం ఎందుకు చూపిస్తాడో తెలియాలంటే, ఒక బల్లనే చూస్తూ దాని చుట్టూ తిరిగి రమ్మన్నారు. ఇంటికెళ్లి తిరిగాను. కనపడని వైపు చీకటనుకోవద్దు, అక్కడా ఎండ కాస్తుందన్నారు. రెండు రోజులు ఇంకో పని చేయలేకపోయాను. ఇలా ఆలోచించే మనిషి పక్కన బతికే ఆవిడ ఎంత అదృష్టవంతురాలో!"

ఆ అదృష్టవంతురాలికి ఒళ్లు మండిపోయింది. ఆ చంద్రుడి మాట ఆవిడకి మంచం చుట్టూ తిరుగుతూ దుప్పటి అంచులు దోపుతున్నప్పుడు తట్టింది. "సభలో మంచం ఏమిటోయ్, అసహ్యంగా" అని మాస్టారు దాన్ని బల్ల చేశారు. ఆయన చేసింది అదొక్కటే.

ఇక ఆ వారమంతా ఏ పని ముట్టుకున్నా మనసు కుదురుగా లేదు. ఎలా ఉంటుందో ఆ లైబ్రేరియన్? వయసెంతో? ఆమెని చూసి ఈయన ఎలా నవ్వుతాడో? పెళ్లయిన కొత్తలో ఆయన ఏదో తప్పు చెబితే సరిదిద్దింది. "నీ పక్కన పడుకుంటే పరీక్ష హాల్లో పడుకున్నట్టుంది" అని అటు తిరిగి పడుకున్నాడు. అత్తగారికి ఎలా తెలిసిందో, మర్నాడు వంటింట్లోకి వచ్చి, "అన్నీ తెలిసిన ఆడదాన్ని ఎవడు ముద్దు చేస్తాడమ్మా? మావాడు కాబట్టి వేగుతున్నాడు" అంది. అప్పటినుంచీ ఆవిడ తెలిసినవన్నీ మింగి, ఆయన చెప్పినదానికల్లా అవునా అనడం నేర్చుకుంది. అయినా ఆయన పెద్దగా ఇటు తిరిగింది లేదు. ఆవిడ దగ్గరుంటే పక్కలో ముల్లు అయిన తెలివే ఆయన నోట్లో పడేసరికి, పరాయి ఆడది రెండు రోజులు పని మానేసి కూర్చుంది. ఏ దిక్కుకి తిరిగి ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

ఆదివారం తనూ బయల్దేరింది. "నువ్వెందుకు? మరి వంట?" అన్నారు మాస్టారు. "వచ్చి చేస్తాను" అని చెప్పులు వేసుకుంది.

చివరి వరసలో కూర్చుని చూసింది. లైబ్రేరియన్ అందగత్తె అయినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. నలభై దాటిన మనిషి, లావుపాటి కళ్లద్దాలు, ఒళ్లో నోటుబుక్కు. మాస్టారు మాట్లాడుతుంటే కళ్లప్పగించి వింటోంది. తనని జన్మలో ఎవరైనా అలా చూశారా అని వెతుక్కుంది మాస్టారి భార్య. ఒక్క ముఖమూ గుర్తు రాలేదు. ఆ చూపు నాది, నాకు రావలసింది, దారిలో ఈయన పట్టేసుకుంటున్నాడు అనిపించింది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది ఆమె మీద కాదనీ, మొగుడి మీదనీ ఆవిడకి అప్పుడు తెలిసింది.

చివర్లో లైబ్రేరియన్ లేచింది. "చీటీ రాయలేదు, ఇప్పుడే తోచింది. చంద్రుడి మీద నిలబడితే భూమి ఉదయించడం, అస్తమించడం కనపడతాయా మాస్టారూ?"

మాస్టారు అందంగా నవ్వారు. "మంచి ప్రశ్న. వచ్చే వారం చెబుతాను." ఆ నవ్వుతోనే చివరి వరసకేసి చూశారు. ఇంట్లో మంచినీళ్లు అడిగేటప్పుడు చూసే చూపు.

ఆవిడ లేచి నిలబడింది. "వచ్చే వారం దాకా ఎందుకండీ. చంద్రుడు ఎప్పుడూ మనకేసే తిరిగి ఉంటాడు కదా, అందుకని అక్కడి నుంచి చూస్తే భూమి ఉదయించదు, అస్తమించదు. నెత్తి మీదుంటే దాదాపు ఆ నెత్తి మీదే ఉంటుంది. నెలకోసారి పెరిగి తరుగుతుంది, అంతే. వెనకవైపు నిలబడ్డవాళ్లకైతే భూమి అనేదొకటి ఉందనే తెలియదు."

లైబ్రేరియన్ కుర్చీ పూర్తిగా వెనక్కి తిప్పుకుని కూర్చుంది. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూసింది.

"బల్ల చుట్టూ తిరగమన్నది మీరేనా?"

"నేనే."

"మా ఇంటావిడండీ" అన్నారు మాస్టారు మైకులో, నవ్వుతూ. "అప్పుడప్పుడు ఏదో సాయం చేస్తుంటుంది..."

"మీరు కాసేపు కూర్చోండి మాస్టారూ" అంది లైబ్రేరియన్, అటు తిరక్కుండానే.