తాడు ఈడ్చిన గీత

అలలు తడిపి వదిలిన ఇసుక దగ్గర మొదలై, ఆ అడుగులు నేరుగా ఇల్లున్న చోటికి వచ్చాయి. ఇప్పుడక్కడ ఇల్లు లేదు. కార్తీకంలో వచ్చిన ఉప్పెన మట్టి అరుగును వదిలి మిగతాదంతా పట్టుకుపోయింది. అరుగు మీద కొత్తగా వేసిన తాటాకు పాక, పాక ముందు ఖాళీ విస్తరి ఉన్నాయి.

గురునాథం వంగి చూశాడు. మడమ ఉంది, అరికాలు ఉంది, వేళ్ళు ఉన్నాయి. అచ్చం మనిషి పాదం. ఒక్కటే తేడా. పెద్ద వేలు లోపలి వైపు కాకుండా బయటి వైపుంది. అడుగుల పక్కనే ఇసుకలో సన్నటి గీత వంకర్లు పోతూ వచ్చింది.

"చూశారుగా బాబుగారూ," అన్నాడు యలమంద. "కాళ్ళు తిరగబడ్డాయి. బతికున్నోళ్ళ అడుగులు కావవి."

యలమంద ఆ పల్లెలో పెద్ద పడవ సరంగు. నిజాంపట్నం దాటాక సముద్రం ఒడ్డునున్న ఆ పల్లెలో మిగిలినవాళ్ళంతా కరకట్ట మీది పాకల్లోకి వెళ్ళిపోయారు. యలమంద కోడలు వెంకటసుబ్బులు మాత్రం కదల్లేదు. ఉప్పెన రోజు ఆమె మొగుడు కొండయ్య, పడవ కట్టేసి వస్తానని తాడు భుజాన వేసుకుని వెళ్ళాడు. పడవా దొరకలేదు, మనిషీ దొరకలేదు. నెల తిరిగాక ఈ అడుగులు మొదలయ్యాయి, పక్కనే తాడు ఈడ్చిన గీతతో సహా. ఆనాటి నుంచి ఆమె రోజూ పొద్దుగూకే వేళకు విస్తరి వేసి అన్నం, చేపల పులుసు పెడుతోంది. తెల్లారేసరికి విస్తరి ఖాళీ.

ఈలోగా కల్లుకు తాటిచెట్లు గీసే పౌలు సరుగుడు తోటలో నల్లటి ఆకారాన్ని చూసి చెట్టు మీద నుంచి పడ్డాడు. కాలు విరిగింది. రేపల్లెలో అధికారులు అది ఎలుగేమోనన్నారు. వేట మీద నిషేధం వచ్చాక తుపాకి పెట్టెలో పెట్టేసి, తెనాలి దగ్గర పొలం చేసుకుంటున్న గురునాథానికి కబురు పెట్టారు. నల్లమలలో ఎలుగుల వెంట తిరిగిన మనిషి జిల్లాలో ఆయనొక్కడే మిగిలాడు.

"దెయ్యమని నువ్వే అంటివి. మళ్ళీ తుపాకి ఎందుకు?" అన్నాడు గురునాథం.

"దెయ్యమైతే గుండుకు చావదు. జంతువైతే చస్తది. ఏదో ఒకటి తేలాల గదండి. మా పిల్ల ఇక్కడే ఎండిపోయేట్టుంది."

పాకలో నుంచి వెంకటసుబ్బులు బయటికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"నా మొగుణ్ణి కాల్చడానికి తెనాలి నుంచి మనిషిని పిలిపించావా మావా?"

యలమంద తల దించుకున్నాడు. గురునాథం తుపాకి భుజం మీద నుంచి దించి నేలకానించాడు.

"అదేంటో చూడనివ్వమ్మా ముందు," అన్నాడు.

"చూడండి. మీరు చూస్తే రాడేమో. నేను చూడను. నేను లోపలే పడుకుంటా. తాడు చప్పుడు వింటా, అంతే."

ఆమె వెళ్ళాక యలమంద దగ్గరికి జరిగాడు. "అయ్యా, అడవులెంబడి తిరగడం ఎందుకు? విస్తరి ఎట్టాగూ పెడతాంది. ఆ గట్టు చాటున కూచుంటే పని అయిపోద్ది."

"కూచోను."

"ఏంటి?"

"తిండి పెట్టి చంపే వేట మా ఇంట్లో లేదు. విస్తరి ముందుకొచ్చింది ఏదైనా సరే, అతిథే. అదీగాక అది చనిపోయినవాడి పేరున పెట్టిన కూడు."

"పోనీ కుక్కల్ని తెప్పిద్దామా? మన ఒడ్డున ఒక్కటీ మిగల్లేదు గాని, వేమూరులో ఉండొచ్చు."

"కుక్కలు తరిమితే ఎలుగు ఎటు పడితే అటు పడి, ఎదురొచ్చినవాణ్ణి చీలుస్తుంది. నేను నడిచే వెళ్తాను."

యలమంద నిట్టూర్చాడు. "తెనాలి బాబులు కాఫీ తాగడానికి కూడా రిక్షా ఎక్కుతారంటారు. మీరేంటో తేడాగా ఉన్నారు."

మర్నాడు మంచు విడవక ముందే గురునాథం బయల్దేరాడు. ఎలుగుకు చూపు తక్కువ, ముక్కు ఎక్కువ. దాన్ని వెతుక్కుంటూ వెళ్ళేవాడికి గాలే కళ్ళు. పిడికెడు పొడి ఇసుక వదిలి చూశాడు. గాలి తోట వైపు నుంచి తన ముఖానికి తగులుతోంది. మంచిది.

తోటలోకి అడుగు పెట్టగానే జాడ పోయింది. సరుగుడు ఆకు పరుపులా పడి ఉంది. ఏనుగు నడిచినా గుర్తు మిగలదు. చెదపుట్ట ఒకటి తవ్వేసి ఉంది. రేగుపొదల కింద గింజలతో నిండిన పెంట, ఇంకా తడి ఆరలేదు. పిట్ట కూడా అరవడం లేదు. ఉప్పెనకు కొట్టుకొచ్చిన వలలు కొమ్మలకు చిక్కుకుని, గాలి వీచినప్పుడల్లా మనుషులు చేతులు చాచినట్టు లేస్తున్నాయి.

అప్పుడు వినపడింది. ఎవరో కూనిరాగం తీస్తున్నారు. పదాలు లేవు. నోరు మూసుకుని, ముక్కుతో, పసిబిడ్డను నిద్రపుచ్చినట్టు.

గురునాథం ఆగి విన్నాడు. అడవిలో ఎలుగు పడుకుని అరచెయ్యి నాకుతూ అలా గునుస్తుందని ఆయనకు తెలుసు. తెలిసినా రోమాలు లేచాయి. ఒక్కో అడుగూ వెతికి వేస్తూ కదిలాడు. రాగం ఇక తుమ్మకంప అవతలే.

గాలి తిరిగింది. పొద్దెక్కగానే సముద్రం మీద నుంచి వచ్చే గాలి ఆయన మెడకు చల్లగా తగిలింది. రాగం ఆగిపోయింది. కంప విరిగిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు.

రెండో రోజు ఆయన తోటను వదిలి, మొగ దగ్గరి బురద చూశాడు. సముద్రంలో కలిసే ఆ పాయ దాటకుండా ఏ జంతువూ ఒడ్డుకు రాలేదు. బురదలో అచ్చులు స్పష్టంగా ఉన్నాయి, పెద్ద వేలు బయటికుండే ఎలుగు పాదాలు. నాలుగు కాళ్ళు, ముందు కాళ్ళకు గోళ్ళ గుర్తుల్లేవు, ఎవరో కత్తిరించినట్టు. పక్కనే తాడు గీత. వాటి వెంట ఒడ్డున నడిచాడు. పల్లె వైపు తిరిగే మలుపులో, అరుగు కనబడే చోట, నాలుగు కాళ్ళు రెండయ్యాయి.

అక్కడే ఇసుకలో కూర్చుండిపోయాడు గురునాథం. ఇల్లు కనబడగానే లేచి రెండు కాళ్ళ మీద నడిచిందది. ఎవరో నేర్పారు.

"యలమందా," అన్నాడు ఆ మధ్యాహ్నం, "ఉప్పెన ముందు ఇటు ఎవరైనా ఎలుగును ఆడించేవాడు వచ్చాడా?"

యలమంద మొగ వైపు చూశాడు. "బాపట్ల వైపు నుంచి ఒకడొచ్చాడండి. మొగ దగ్గర గుడారం వేశాడు. ఉప్పెనలో వాడి సంగతి ఎవరడిగారు? మావాళ్ళనే లెక్కేసుకోలేకపోయాం." ఆగి, గొంతు తగ్గించాడు. "తోటలోనే కాల్చేయండి. పిల్లకు చెప్పొద్దు. అడుగులు రావడం మానేస్తే అదే సర్దుకుంటది."

"సర్దుకోదు. ఎదురుచూస్తుంది, చచ్చేదాకా."

మూడో రోజు గాలి ఆయన పక్షాన నిలిచింది. తుమ్మకంప అవతల అది ఉంది. బక్కచిక్కి, బొచ్చు ఉప్పుతో అట్టగట్టి, గుండె మీద తెల్లమచ్చ. ముక్కులో నుంచి వేలాడే తాడు చుట్టూ పుండు. గురునాథం తుపాకి ఎత్తాడు. లోహం చప్పుడుకు ఎలుగు తల తిప్పింది. రెండు కాళ్ళ మీద లేచింది. లేచిన ఎలుగు మీద పడుతుందని ఆయన వేలు బిగించాడు.

అది మీద పడలేదు. ఎత్తిన గొట్టాన్ని చూసింది. కర్ర అనుకుంది. ఒక చెయ్యి నుదుటికి ఆనించి సలాం పెట్టింది. తర్వాత ఆ పుండుముక్కుతో, ఆ బక్క కాళ్ళతో, ఎవరూ లేని తోటలో ఆడడం మొదలుపెట్టింది.

గురునాథం చూస్తూ నిలబడ్డాడు. ఆడి ఆడి అది ఆగింది, కూడు కోసం. ఆయన తుపాకి దించకుండానే మెల్లగా వంగి తాడు కొస పట్టుకున్నాడు. తాడు వదులుగానే ఉంచి నడిచాడు. ఎలుగు వెంట వచ్చింది.

వెంకటసుబ్బులు అరుగు మీద కూర్చుని ఉంది. ముందు తాడు చప్పుడు విని తలెత్తింది. తర్వాత ఎలుగును చూసింది. ఇల్లు కనబడగానే అది రెండు కాళ్ళ మీద లేచింది. దాని వెనక ఇసుకలో పడుతున్న అడుగుల్ని ఆమె ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. యలమంద ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

పాకలోకి వెళ్ళి కుండలో ఉన్న అన్నం మొత్తం తెచ్చి విస్తరిలో పెట్టింది.

"ఇన్నాళ్ళూ నీకేనా నేను వండింది?" అంది ఎలుగుతో. "తిను నాయనా. నీక్కూడా ఎవరూ మిగల్లేదు గదా."

సాయంత్రం ఫారెస్టువాళ్ళు కరకట్ట దగ్గరికి లారీ తెచ్చి దాన్ని బాపట్ల తీసుకెళ్ళారు. పుండు కడిగేటప్పుడు కోసిన తాడును గురునాథం తన సంచిలో వేసుకున్నాడు.

"రేపు పొద్దున్నే కరకట్ట మీదికి వస్తా మావా," అంది వెంకటసుబ్బులు. "ఈ ఒక్కపూట విస్తరి పెట్టి చూస్తా. రాకపోతే ఇక పెట్టను."

తెల్లారి యలమంద, గురునాథం పాక దగ్గరికి వెళ్ళేసరికి విస్తరిలో అన్నం అన్నంగానే ఉంది. మంచు పడి పైన తడిసింది. ఆమె దాన్ని కాకులకు వేసి, చేతులు కడుక్కుంది. మూట కట్టింది. యలమంద మూట ఎత్తుకుని ముందు నడిచాడు, ఆమె మధ్యలో, గురునాథం చివర.

ఒడ్డు దిగి తిరిగే చోట గురునాథం ఆగిపోయాడు.

నీటి అంచు నుంచి పైకి అడుగులు వచ్చాయి. కొత్తవి. పక్కనే తాడు గీత. సగం దూరం వచ్చి, విస్తరి కనబడే చోట ఆగాయి. ముందుకూ వెళ్ళలేదు, వెనక్కీ వెళ్ళలేదు. వంగి చూశాడు. పెద్ద వేలు లోపలి వైపుంది.

ఎలుగు తాడు సంచిలోనే ఉంది. చేత్తో తడుముకుని చూసుకున్నాడు.

"ఏంటి బాబూ, ఆగారు?" వెంకటసుబ్బులు వెనక్కి తిరక్కుండానే అడిగింది.

గురునాథం నిటారుగా లేచాడు. ఏ జంతువునూ మోసంతో లొంగదీయని మనిషి. "ఏం లేదమ్మా. ఎలుగు పాత అడుగులు."

ఆమె నడక ఆగింది. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి.

"రాత్రి పోటు అరుగు దాకా వచ్చింది గదా బాబూ," అంది నెమ్మదిగా. "పాత అడుగులు ఎట్టా మిగులుతాయి?"

ఆమె అలాగే నిలబడింది, మెడ సగం తిప్పి, ఇంకొంచెం తిప్పితే కనబడేటంత దూరంలో. అల ఒకటి వచ్చి వెళ్ళింది. తర్వాత ఆమె కొంగు బిగించి దోపుకుంది.

"పదండి," అంది. "మావ ఆ మూట ఎంతోదూరం మోయలేడు."

తిరిగి చూడకుండా కరకట్ట ఎక్కింది.