చుట్ట చుట్టిన సముద్రం

పోలమ్మ గంపతో ఒడ్డుకు వచ్చేసరికి సముద్రాన్ని చాపలా చుట్టేస్తున్నారు.

చుట్టేవాళ్ళు శుభ్రమైన తెల్లబట్టల్లో ఉన్నారు. వాళ్ళ ఓడ మీద ఒక ధనిక దేశపు జెండా ఎగురుతోంది. అంచులు సమంగా వచ్చేలా మోకాళ్ళతో అదిమి, చేపలు జారిపోకుండా తాడు బిగించి, సముద్రాన్ని ఓడలోకి ఎక్కిస్తారు. పోలమ్మ పెనిమిటి దానయ్య తెల్లారకముందే వేటకు వెళ్ళాడు. అతనూ అతని పడవా ఆ చుట్టలోనే ఉన్నారు.

"మా మావ అందులో ఉండిపోనాడు బాబూ," అంటుంది పోలమ్మ.

"మాకు చేపలే కావాలి," అంటాడు తాడు కట్టేవాడు. "మిగతావి వాటితో పాటు వచ్చేస్తుంటాయి."

ఆ ఓడ వెళ్ళగానే అదే జెండాతో ఇంకొకటి వస్తుంది. నీళ్ళు లేవు కాబట్టి ఇసుక మీద పాకుతూ వచ్చి ఆగుతుంది. అందులోనివాళ్ళు నవ్వుతూ దిగి ఇంటింటికీ ఒక కొత్త వల పంచుతారు. వల మంచిదే. దారం గట్టిది, ముడులు జారవు. పోలమ్మ దాన్ని భుజాన వేసుకుని మొదటి ఓడ వెళ్ళిన వైపు నడుస్తుంది.

సముద్రం అడుగు చల్లగా ఉంది. ఎప్పుడో మునిగిన పడవలు అక్కడక్కడా నిటారుగా నిలబడి ఉన్నాయి. వాటిలో కూర్చున్నవాళ్ళు ఆమెను పలకరిస్తారు.

"ఎక్కడికేటి పోలమ్మా?"

"గొడవెట్టుకోడానికి."

వాళ్ళు తలలూపి దారి చూపిస్తారు.

ధనిక దేశపు ప్రభుత్వం ఒక పెద్ద అద్దాల భవనంలో ఉంది. మొదటి గది పేద దేశాలకు సాయం చేసే శాఖది. అక్కడి ఆఫీసరమ్మ పోలమ్మ చెప్పిందంతా వింటుంది. కళ్ళజోడు తీసి, బుగ్గలు తడిసేదాకా ఏడుస్తుంది. ఏడ్చి, ఇంకో వల ఇవ్వబోతుంది.

"వలెందుకమ్మా? సముద్రం ఇచ్చీయండి."

"సముద్రం పక్క గదిలో ఉంటుంది. ఈ గదిలో వలలే ఉంటాయి."

పక్క గది చేపల శాఖది. సముద్రపు చుట్టను మూలకు ఆనించి, కారే నీటికి అడుగున బకెట్ పెట్టారు. బల్ల వెనక అదే ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. బుగ్గల మీద తడి ఇంకా ఆరలేదు.

"ఇప్పుడే కదమ్మా నువ్వు నాకోసరం ఏడిసినావు?"

"అది ఆ గదిలో. ఈ గదిలో మిమ్మల్ని ఇదే మొదటిసారి చూడటం."

చుట్ట లోపలి నుంచి దానయ్య గొంతు సన్నగా వినిపిస్తుంది. "ఒలే పోలీ, వచ్చీసినావేటి? ఇక్కడ గాలాడ్నేదే."

పోలమ్మకు కోపం కడుపులో మొదలై చేతివేళ్ళ దాకా వస్తుంది. గోళ్ళు పొడుగవుతాయి. ఆమె వాటిని ఒకసారి చూసుకుని పైట చాటున దాచుకుంటుంది.

అంతలో మంత్రిగారు కొందరు అధికారులతో లోపలికి వస్తారు. అందరూ కోట్లు విప్పి రెండు గదుల మధ్య గోడను భుజాలతో తోయడం మొదలుపెడతారు. గోడ కదలదు.

"మా శాఖలన్నిటినీ ప్రపంచ అభివృద్ధి లక్ష్యాలతో ఒక వరుసలోకి తెస్తామని లోకానికి మాట ఇచ్చాం," అంటారు మంత్రిగారు, చెమట తుడుచుకుంటూ. "ఈ రెండు గదులే వరుసకు రావడం లేదు. ఏటా తోస్తున్నాం. మీరూ ఒక చెయ్యి వెయ్యండమ్మా."

"నానేస్తే మీరంతా ఒరసలోకి ఒచ్చేస్తారా?"

"తప్పకుండా."

పోలమ్మ పైట చాటు నుంచి చెయ్యి తీసి, సముద్రానికి కట్టిన తాడును గోటితో కోసేస్తుంది.

సముద్రం విప్పుకుంటూ రెండు గదుల్లోనూ పరుచుకుంటుంది. గోడ కరిగిపోతుంది. పోలమ్మ వాళ్ళ వాడలో ఆడవాళ్ళు వల వేయరు. ఇవాళ ఆమె వేస్తుంది. వాళ్ళిచ్చిన వలే వాళ్ళ మీద గుండ్రంగా విప్పారి పడుతుంది. మంత్రిగారు, అధికారులు, ఆఫీసరమ్మ, అందరూ అందులో పడతారు. ఆఫీసరమ్మ రెండుసార్లు పడుతుంది. ఒకామె ఏడుస్తోంది, ఒకామె ఏడవడం లేదు.

దానయ్య తమలపాకంత పల్చగా, గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాడు. పోలమ్మ అతన్ని నేల మీద పరిచి సాపు చేస్తుంది. చెయ్యి తీయగానే మళ్ళీ చుట్టుకుంటాడు. ఎన్నిసార్లు సాపు చేసినా అంతే.

"నొప్పేటీ నేదులే," అంటాడు.

ఆమె అతన్ని చంకలో పెట్టుకుని, వలను ఈడ్చుకుంటూ, విప్పుకుపోతున్న సముద్రం వెంట ఊరికి వస్తుంది.

చేపల్ని ఎండబెట్టే ఇసుకలో వలలోవాళ్ళను పడుకోబెడుతుంది. తల పక్కన తల, కాలి పక్కన కాలు. దోసిళ్ళతో ఉప్పు తెచ్చి మెడల దగ్గర, చంకల్లో, వేళ్ళ సందుల్లో బాగా పట్టిస్తుంది.

పక్కింటి అసిరమ్మ వచ్చి చూస్తుంది. "ఎండుతాయంటావేటే?"

"కొవ్వెక్కువ. రెండెండలు పడతాది."

మంత్రిగారు తల కొంచెం ఎత్తి అటూ ఇటూ చూసుకుంటారు. ముఖం వికసిస్తుంది. "ఇన్నాళ్ళకు అందరం ఒక వరుసలోకి వచ్చాం!" పెదవులు బిగుసుకుపోతున్నా ఒక ఉపన్యాసం ఇస్తారు. పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే చప్పట్లు కొడతారు. ఉప్పు రాలుతుంది. పోలమ్మ మళ్ళీ రాస్తుంది.

"నేను నీ కోసం ఏడ్చాను కదా," అంటుంది ఏడుస్తున్న ఆఫీసరమ్మ.

"ఏడిసినావమ్మా. అందుకే నీకు ఉప్పు తక్కువ రాసినాను. ఇంకా ఏడువు, సరిపోద్ది."

మధ్యాహ్నం అందర్నీ రెండో వైపుకు తిప్పుతుంది. వీపులు ముడతలు పడి గట్టిపడుతున్నాయి. పోలమ్మకు హాయిగా ఉంటుంది. ఆ హాయి ఆమెను సిగ్గుపరచదు.

"ఇంక సాలే," అంటాడు పడవకు ఆనించిన దానయ్య, చుట్టలోంచి.

"నువ్వు చాపైపోనావు. నీకేటి తెలుసు?"

ఎండ వాలుతుండగా సముద్రం నడిమిలోంచి ఆ అద్దాల భవనం లేస్తుంది. కిటికీల్లోంచి నీళ్ళు కారుతుండగా, తనవాళ్ళను వెతుక్కుంటూ నడిచి ఒడ్డుకు వస్తుంది. వరుసను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూస్తుంది. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, చివర ఖాళీగా ఉన్న ఇసుకలో వెల్లకిలా పడుకుని తలుపులన్నీ తెరుస్తుంది.

పోలమ్మ కత్తి తీసుకుని దాని మొప్పల కోసం వెతుకుతుంది.