వేళ్లు తిన్న చీల

నన్ను చూసి చాలామంది మేకు అనుకుంటారు. కాదు. నేను ఒక చీలను. జానెడు కంటే కాస్త పొడవు, బొటనవేలి కంటే కాస్త లావు, పైన గుండ్రటి తల. అమెరికాలో ఒకప్పుడు రైలుపెట్టెకూ రైలుపెట్టెకూ మధ్య నన్ను దించితేనే రైలు కదిలేది. నన్ను పైకి లాగేస్తే అవి ఎక్కడి పెట్టెలు అక్కడే. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకు కోపంగా ఉంది. ఎందుకో తెలియాలంటే ముందు నా పని తెలియాలి.

1871లో పిట్స్‌బర్గులో ఒక కొలిమి నన్ను కన్నది. అంతకు రెండేళ్ల ముందే తూర్పు పట్టాలూ పడమటి పట్టాలూ యూటాలో ఒకచోట కలిశాయి. అక్కడ ఒక బంగారు మేకు పెట్టారు. ఉపన్యాసాలు చెప్పారు, దేశమంతా టెలిగ్రాములు కొట్టారు. ఆ మేకు ఒక్క పట్టానైనా పట్టి ఉంచిందా అంటే లేదు. పెట్టారు, తీశారు, అద్దాల పెట్టెలో దాచారు. ఆ దారి కోసం కొండలు తొలిచిన చైనా కూలీలు ఎందరు మంచు కింద ఉండిపోయారో ఎవరూ లెక్క రాయలేదు. మేకు బరువు మాత్రం రాసి పెట్టుకున్నారు.

నా పని ఇలా ఉండేది. ప్రతి పెట్టె చివరా ఒక ఇనుప నోరు. ఆ నోట్లో లంకె, అంటే ఒక పొడవాటి ఇనుప కడియం. ఎదురు పెట్టె దొర్లుకుంటూ వస్తుండగా బ్రేక్‌మన్ అనే కూలివాడు రెండు పెట్టెల మధ్యకు దూరాలి. ఒక చేత్తో లంకె ఎత్తి ఎదురు నోట్లో పెట్టాలి. రెండో చేత్తో నన్ను పైనున్న రంధ్రంలోంచి దించాలి. లంకె దగ్గర్నుంచి చెయ్యి లాక్కోవడానికి రెప్పపాటు సమయం ఉండేది. ఆ రెప్పపాటు దాటితే వేలు పోతుంది. ఇంకాస్త దాటితే మనిషే పోతాడు.

పదహారేళ్లలో నా దగ్గర పదకొండు వేళ్లు పోయాయి. అవి నేను కోరి తిన్నవి కావు.

ఇది తప్పనిసరి అయితే నాకింత కోపం ఉండేది కాదు. నేను పుట్టిన రెండేళ్లకే, 1873లో, ఒక బట్టల కొట్టు గుమాస్తా చెక్క ముక్కలు చెక్కి కొత్త కొక్కెం ఒకటి తయారు చేశాడు. రెండు చేతుల వేళ్లు వంచి ఒకదానిలో ఒకటి తగిలించినట్టు పెట్టెలు వాటంతట అవే పట్టుకుంటాయి. మనిషి మధ్యకు వెళ్లనక్కర్లేదు. అది చూసి కంపెనీల పెద్దలు బాగుందన్నారు. అయితే అందరం ఒకే కొక్కెం మీద మాట కలపాలి, అది కష్టం అన్నారు.

కష్టమట! 1883లో ఇదే పెద్దలు ఒక్క ఆదివారంనాడు దేశమంతటా గడియారాలు మార్చారు. కొన్ని ఊళ్లలో ఆ రోజు మధ్యాహ్నం రెండుసార్లు పన్నెండయింది. సూర్యుడి మాట తోసేసి రైలు మాట నిలబెట్టారు. 1886లో దక్షిణాన పదివేల మైళ్లకు పైగా పట్టాలను, ఒక పక్క పట్టాను మూడేసి అంగుళాలు జరిపి, రెండే రెండు రోజుల్లో కొత్త వెడల్పుకు తెచ్చారు. అన్ని కంపెనీలూ ఒక్క మాట మీద నిలబడ్డాయి. సూర్యుణ్ణి జరిపారు, పట్టాలను జరిపారు. నన్ను మాత్రం జరపలేకపోయారు. నేను చవక. నాకంటే చవక ఆ వేళ్లు.

1887 చలికాలం మొదట్లో నేను ఒహాయోలో హాలో ఫోర్క్ అనే జంక్షన్ యార్డుకు చేరాను. అక్కడ పొద్దున్నే పనికోసం మనుషులు వరసలో నిలబడేవాళ్లు. యార్డు మేస్త్రీ పేరు డెల్మర్ హాగ్. అతను ఎవరి పేరూ అడిగేవాడు కాదు. "చేతులు చాపు" అనేవాడు. వేళ్లు తక్కువున్నవాడికి ముందు పని. వేలు పోగొట్టుకున్నవాడికి పని వచ్చినట్టు లెక్క. ఆ రోజు ఉదయం వరస ముందు డర్మట్ కియో అనే ఐరిష్ మనిషి ఉన్నాడు.

"ఏడున్నర, మేస్త్రీ" అన్నాడు కియో చేతులు చాపి. "ఆ అరవేలును కూడా కలుపుకో, దాని మిగతా సగం నీ యార్డులోనే పోగొట్టుకున్నాను."

"నిన్ను చూడక్కర్లేదులే, నాలుగో లైనుకు పో."

అతని వెనక ఓవెన్ ప్రిచర్డ్. వేల్స్ దేశంనుంచి వచ్చినవాడు, కొత్తగా పెళ్లయినవాడు. చేతులు చాపాడు.

"పదీ ఉన్నాయే! ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టావురా, చర్చిలో పియానో వాయించావా?"

"బొగ్గు గనిలో చేశానండీ."

"బొగ్గు నిన్ను ముద్దుగా చూసుకుంది. ఇదిగో, దీని మీద సంతకం పెట్టు."

అది అందరూ పెట్టే కాగితమే. ఓవెన్ దాన్ని చదవడం మొదలుపెట్టాడు. వెనకవాళ్లు విసుక్కున్నారు. "ప్రేమలేఖ కాదు తమ్ముడూ, గీకెయ్" అన్నారెవరో. ఓవెన్ పూర్తిగా చదివాడు. పెట్టెల మధ్య చెయ్యి పెట్టనని, కంపెనీ ఇచ్చిన కర్రతోనే లంకె ఎత్తుతానని అందులో ఉంది. సంతకం పెట్టి, "కర్ర ఇప్పించండి" అన్నాడు.

వరసంతా నవ్వింది. ఆ కర్రలు యార్డు గదిలో పొయ్యి పక్కన ఉండేవి. నిప్పులు కెలకడానికి వాడేవాళ్లు. ఆ కాగితాన్ని నమ్మిన మొదటివాడు ఓవెన్. అతను చేసిన తప్పు అదొక్కటే అని నేను ఎక్కడైనా చెబుతాను.

మూడు రోజులు కర్రతోనే పనిచేశాడు. కర్రతో లంకె జారుతుంది, మళ్లీ ఎత్తాలి, పెట్టెను మళ్లీ వెనక్కి కొట్టాలి. మిగతావాళ్లు ఆరు పెట్టెలు కలిపే వేళకు అతను రెండు. నాలుగో రోజు హాగ్ వచ్చాడు.

"నేను పని ఇచ్చింది నీకా, ఆ కర్రకా?"

"కాగితంలో ఉంది కదండీ."

"కాగితం ఆఫీసులో ఉంటుంది. పెట్టెలు ఇక్కడ ఉంటాయి. రెండు రోజులు ఇంట్లో కూర్చో. కర్రకు వంట నేర్పు."

పక్క లైనులో ఉన్న కియో ఇదంతా విన్నాడు. రెండు రోజుల తర్వాత ఓవెన్ కర్ర లేకుండా వచ్చాడు. ఆ రెండు రోజులూ అతని భార్య హానా "కర్ర వదలకు" అని బతిమాలిందట. అది నేను తర్వాత ఆమె నోటివెంటే విన్నాను.

జనవరిలో ఒక గట్టి కుదుపుకు నేను నడుం దగ్గర వంగిపోయాను. పెట్టెలు పరీక్షించేవాడు నామీద సుద్దగీత గీసి తుక్కులో పడేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక ఎవరి వేలూ తినక్కర్లేదనుకున్నాను. వారం తిరక్కముందే చీలలు తక్కువయ్యాయి. "వంగితే ఏం, ఇనుమే కదా" అని హాగ్ నన్ను తుక్కులోంచి ఏరించాడు.

ఫిబ్రవరిలో ఒక పగలు, పదకొండున్నరకు, ఓవెన్ ఎడమచేత్తో లంకె ఎత్తాడు, కుడిచేత్తో నన్ను దించాడు. నేను దిగలేదు. వంగినచోట రంధ్రానికి అడ్డుపడ్డాను. అతను నన్ను లాగి మళ్లీ దించాడు. అరచేత్తో కొట్టాడు. వాలు పైనుంచి దొర్లుకొస్తున్న ఎనిమిది పెట్టెలు ఆగలేదు. అతనికి అరవడానికి కూడా ఊపిరి మిగల్లేదు. పెట్టెలు విడదీసేసరికి నేను అతని గుప్పిట్లోనే ఉన్నాను. కియో వచ్చి ఒక్కొక్క వేలూ విప్పి నన్ను తీశాడు. పది వేళ్లూ ఉన్నాయి.

మర్నాడు విచారణ. ఆరుగురు పెద్దమనుషులు కూర్చున్నారు. ఒకరికి రైలువాళ్ల కోసమే నడిచే హోటలు, ఒకరికి రైలువాళ్లే కొనే బూట్ల కొట్టు. మిగతావాళ్లూ అంతే. బల్ల మీద ఓవెన్ సంతకం పెట్టిన కాగితం పెట్టారు. పక్కన ఒక కర్ర, కొత్తది, తెల్లగా, ఎవరూ ముట్టనిది. నన్నూ పెట్టారు. నన్నెవరూ ఏమీ అడగలేదు. కిటికీలోంచి గాలి వస్తుంటే ఒక పెద్దమనిషి నన్ను తీసి కాగితాల మీద బరువుకు పెట్టాడు. ఆ కాగితాలు చెబుతున్న అబద్ధం ఎగిరిపోకుండా నేను కాశాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా ఇనుము కాలిపోతుంది.

"కర్ర ఇచ్చాం. వాడలేదు" అన్నాడు హాగ్. కియోను అడిగారు. "నేను పక్క లైనులో ఉన్నాను, చూడలేదు" అన్నాడు. మృతుడి అజాగ్రత్త అని తేల్చి అందరూ భోజనానికి వెళ్లారు. కియో మాత్రం వెనక్కి వచ్చి నన్ను జేబులో వేసుకుని హానా దగ్గరకు తీసుకెళ్లాడు.

యార్డు వెనక కంపెనీ ఇళ్లలో ఒకటి వాళ్లది. హానా నన్ను చేతుల్లోకి తీసుకుని వంపు మీద వేలితో రాసింది.

"కర్ర సంగతి చెప్పావా, డర్మట్?"

కియో టోపీ నలుపుతూ నిలబడ్డాడు. "నాకు నలుగురు పిల్లలు, హానా."

"ఓవెన్‌కు లేకపోవడం మంచిదయింది. ఉంటే వాళ్లకోసం తను కూడా నీలాగే చూడకుండా ఉండేవాడేమో."

కియో టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

విచారణ అయిన రెండో రోజు కంపెనీ తరఫున విథర్స్ అనే ఆయన వచ్చాడు. మర్యాదగలవాడు. టోపీ తీశాడు, దుఃఖం ప్రకటించాడు, కాగితం తీశాడు. హానాకు చదువు రాదు.

"మిసెస్ ప్రిచర్డ్, దీని మీద మీ గుర్తు పెడితే ఇంట్లో వేసవి దాకా ఉండొచ్చు. పెట్టెలు తుడిచే పని కూడా మీకే."

"ఏముందో చదవండి."

ఆయన వరసల మీద వేలు కదుపుతూ చదివాడు. కంపెనీ ఆమె దుఃఖంలో పాలుపంచుకుంటోందని, ఆమెకు నీడ కల్పిస్తోందని. చదివి కాగితం ఆమె ముందుకు జరిపాడు.

"అంతేనా?"

"అంతే."

"మీ వేలు సగం దగ్గరే ఆగిపోయింది. కింద ఇంకా అంత రాసి ఉంది. అదేమిటి?"

విథర్స్ దగ్గాడు. "మామూలు చట్టం మాటలు."

"మామూలువైతే చదవడానికేం?"

చదివాడు. "నా భర్త తన సొంత అజాగ్రత్త వల్ల, ఇచ్చిన సాధనం వాడక, నియమం తప్పి చనిపోయాడు; ఇందులో మరెవరి తప్పూ లేదు; ఇది నేను తెలిసి ఒప్పుకుంటున్నాను." హానా అంతా విన్నది. కలం ముట్టలేదు.

"ఆలోచించుకోండి. గుర్తు పెట్టకపోతే శనివారానికి ఇల్లు ఖాళీ చెయ్యాలి. బయట చలి చూస్తున్నారుగా" అన్నాడు విథర్స్. కాగితం వదిలి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే పనివాళ్ల వరసలో హానా వచ్చి నిలబడింది. ఒక చేతిలో నేను, ఒక చేతిలో ఆ కాగితం. హాగ్ నవ్వాడు.

"ఏమ్మా, చేతులు చాపుతావా?"

"చాపుతాను. పదీ ఉన్నాయి. నా మొగుడికీ పదీ ఉన్నాయి, పాతిపెట్టేటప్పుడు లెక్కపెట్టాను." నన్ను అతని బల్ల మీద పెట్టింది. "ఇదీ చీల. అవిగో పెట్టెలు. కర్రతో లంకె ఎత్తి, దీన్ని రంధ్రంలోకి దించి చూపించు, మేస్త్రీ. నువ్వు దించితే నేను ఈ కాగితం మీద గుర్తు పెట్టి పోతాను."

"నాకు పనుంది."

"పెట్టెలు కదలక్కర్లేదు. నిలబడ్డవాటికే దించు."

వరసలో ఎవరూ నవ్వలేదు. హాగ్ నన్ను చూశాడు గానీ ముట్టుకోలేదు. కియో వరసలోంచి బయటికొచ్చాడు. గదిలోకెళ్లి పొయ్యి పక్కనున్న కర్ర తెచ్చాడు. దాని కొస బొగ్గయిపోయి ఉంది. దాన్ని నా పక్కనే పెట్టాడు.

"వాడు ఇది పట్టుకున్నందుకే నువ్వు వాణ్ణి రెండు రోజులు ఇంటికి పంపావు. నేను విన్నాను. విచారణలో అబద్ధం చెప్పాను."

"కియో, నీకు రేపట్నుంచి పని లేదు."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతున్నాను" అన్నాడు కియో.

ఏమీ మారలేదు. ఇలాంటి కథల్లో ఏదో ఒకటి మారాలని మీకుంటుంది, నాకూ ఉండేది. తీర్పు తిరగరాయలేదు. మధ్యాహ్నానికి ఆ వరసలోని వాళ్లంతా చేతుల్తోనే లంకెలు ఎత్తుతున్నారు. శనివారం హానాను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. ఆమె నన్ను ఆ కాగితంలోనే చుట్టి మూటలో పెట్టుకుంది. పక్క ఊళ్లో బట్టలు ఉతికి బతికింది. కియో ఏమయ్యాడో నాకు తెలియదు.

అయిదేళ్లు గడిచాక, 1893లో, దేశానికి చట్టం వచ్చింది. పెట్టెల మధ్యకు మనిషి వెళ్లనక్కర్లేని కొక్కేలు తప్పనిసరి అన్నారు. కంపెనీలు గడువు అడిగాయి, ఇచ్చారు. మళ్లీ అడిగాయి, మళ్లీ ఇచ్చారు. ఆ కొక్కేలు అంతటా వచ్చేసరికి 1900. పట్టాలకు రెండు రోజులు పట్టింది. వేళ్లకు ఇరవై ఏడేళ్లు.

హానా పోయాక ఆమె గది ఖాళీ చేసినవాళ్లు నన్ను హాలో ఫోర్క్ స్టేషనుకు ఇచ్చారు. రైళ్లు ఆగడం మానేశాక దాన్ని మ్యూజియం చేశారు. నాకూ అద్దాల పెట్టె దొరికింది. కింద చీటీ అతికించారు: "లంకె, చీల. పాతకాలపు జోడింపు సాధనం. కార్మికుల అజాగ్రత్త వల్ల తరచు ప్రమాదాలు జరిగేవి."

చూశారా? ఇంకా అదే మాట.

వచ్చినవాళ్లు చీటీ చదివి తలాడించి, ఆవిరి ఇంజను బొమ్మ దగ్గరకు వెళ్లిపోతారు. నా పక్కన మడతలు సరిచేసి పెట్టిన కాగితం ఒకటుంది. అక్షరాలు చిన్నవి, ఎవరూ వంగి చదవరు. మీరు వస్తే చదవక్కర్లేదు, కిందికి చూడండి. గుర్తు పెట్టాల్సిన చోట ఒక గీత ఉంది. ఆ గీత మీద ఏమీ లేదు.