రేపు ఏ కొండ మీదుగా

ఆ వసంతంలో మా ఆయన రోజూ చిక్కుడుకాయలు వొలిచిపెట్టేవాడు.

సాయంత్రం మంగలి దుకాణం మూసి ఇంటికి రాగానే చేతులు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, బుట్ట ముందుకు లాక్కునేవాడు.

"అయితే నాతా, ఇవాళ ఎన్నొచ్చాయి నీ గద్దలు?"

అతని పేరు కన్సొలాతో. ఇరవై ఏళ్లు దాటిన కాపురంలో నా రోజు ఎలా గడిచిందని అతను అడగడం అదే మొదలు. బడి వంటశాలలో పిల్లలకు వండిపెట్టినన్నాళ్లూ ఒక్క పూట అడగలేదు. అందుకే పగలంతా కొండ మీద గద్దల్ని లెక్కపెట్టి వచ్చి కాళ్లు పీకుతున్నా పొయ్యి దగ్గర నిలబడి అన్నీ చెప్పేదాన్ని. సముద్రం మీద మొదట చిన్న మచ్చలా కనబడటం, ఒడ్డుకు రాగానే వేడిగాలి దొరికి గుండ్రంగా పైకి లేవడం, నల్ల గద్దను చూసి తేనె గద్ద అన్నందుకు నన్ను అందరూ ఏడిపించడం. అతను నవ్వేవాడు. గింజలు గిన్నెలో టపటపా పడేవి.

"మరి రేపో? రేపు ఏ కొండ మీదుగా?"

అదీ చెప్పేదాన్ని. అది చెప్పాక కాసేపటికి లేచి టీవీ ముందుకు వెళ్లేవాడు. మిగతావి నేను వొలుచుకునేదాన్ని.

తేనె గద్దలు ఆఫ్రికా నుంచి వచ్చి, సిసిలీ దాటి, జలసంధి మీదుగా ఇటలీ దక్షిణాన మా కాలబ్రియా కొండలెక్కుతాయి. ఎదురుగాలి వీచిన రోజు రెక్కలు అలసి చెట్ల తలల మీదుగా పోతాయి. తుపాకీ ఉన్నవాళ్లకు అదే పండగ. ఆ వసంతంలో ఒక్క గద్దనైనా కొట్టని మగవాడి నెత్తిన పెళ్లాం కొమ్ములు మొలిపిస్తుందని మావాళ్ల నమ్మకం. పెళ్లాం ఇంకొకడితో పోతుందని అర్థం. వేటను చట్టం నిషేధించింది గానీ నమ్మకాన్ని ఎవరు నిషేధిస్తారు? నేను బతిమాలితే కన్సొలాతో తన తండ్రి తుపాకీని అమ్మేశాడు. గద్దల్ని లెక్కపెట్టి, వేటగాళ్లను ఆపడానికి జర్మనీ నుంచి కూడా మా కొండ మీదికి వచ్చే వాలంటీర్లలో నేనూ చేరాను; ఆ మాట వాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

నేను గద్దల లెక్కకు వెళ్లడం మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు మధ్యాహ్నం భోజనం పట్టుకుని దుకాణానికి వెళ్లాను. కుర్చీలో మా మరిది దెమెత్రియో ఉన్నాడు. మొహం నిండా సబ్బు నురగ.

"రా వదినా! కొండ మీద ఎట్లా ఉన్నారు నీ జర్మనీ కుర్రాళ్లు? బైనాక్యులర్స్ నీ వైపు తిప్పుతున్నారా, ఆకాశం వైపా?"

"నీలాంటి వాళ్లు వస్తారేమోనని రోడ్డు వైపు తిప్పుతున్నారు," అన్నాను.

బెంచీ మీదివాళ్లు పగలబడి నవ్వారు. దెమెత్రియో మీద కప్పిన గుడ్డ కింద నుంచి చెయ్యి తీసి, అద్దంలో సరిగ్గా అన్నగారి తల వెనక కనబడేటట్టు రెండు వేళ్లు ఎత్తిపట్టాడు. కొమ్ములు. మళ్లీ నవ్వులు. కన్సొలాతో కూడా నవ్వాడు గానీ కత్తి పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

కొన్నాళ్లకు ఆ ఎగతాళి తగ్గింది. వాళ్లకే విసుగు పుట్టి ఉంటుందనుకున్నాను. కన్సొలాతో ఈల వేసుకుంటూ ఇంటికి రావడం మొదలుపెట్టాడు. చిక్కుడుకాయలు వొలవడమూ అప్పుడే మొదలైంది.

కొండ మీద మాత్రం పరిస్థితి చెడింది. మా వాలంటీర్ల పెద్ద ఒర్నెల్లా, ఉత్తరాన బెర్గామోలో లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. ప్రతి సాయంత్రం గాలి చూసి, మర్నాడు పక్షులు ఏ కొండ మీదుగా కిందగా వస్తాయో చెప్పి, మమ్మల్ని అటు పంపేది. మేము వెళ్లేసరికి అక్కడే తుపాకులు పేలేవి. ఒకరోజు మా కళ్లముందే ఒక ఆడగద్ద రెక్క విరిగి ముళ్లపొదల్లో పడింది. ఒర్నెల్లా దాన్ని తన స్వెటర్‌లో చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది చచ్చిపోయాక కూడా అలాగే కూర్చుంది.

"మన మాట ఎవరో బయటికి మోస్తున్నారు," అంది.

అప్పుడు తను అందరి మొహాలూ చూసింది. నా మొహం చూడలేదు. మా ఊరివాళ్లలో అక్కడ ఉన్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, నన్ను నొప్పించకూడదని చూడలేదనుకున్నాను.

మే నెలలో ఒక శుక్రవారం. ఒర్నెల్లా టెలిస్కోప్‌ను ఆకాశానికి కాకుండా ఎదుటి కొండకు తిప్పి పెట్టి నన్ను పిలిచింది. మిగతావాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు.

"నాతా, ఒకసారి చూడు."

కన్ను ఆనించాను. పాత రాతిగోడ, దాని వెనక తుపాకీతో దెమెత్రియో. పక్కన రాయి మీద కూర్చుని, నేను పొద్దున్నే నింపి ఇచ్చిన ఫ్లాస్కులోంచి కాఫీ వొంపుతున్నవాడు కన్సొలాతో. ఇద్దరూ ఆకాశంలోకి చూస్తున్నారు. అక్కడ ఒక్క పిట్ట కూడా లేదు.

"ఇవాళ్టి గాలికి గద్దలు అటు రావు," అంది ఒర్నెల్లా మెల్లగా. "నిన్న ఆ కొండ పేరు నీ ఒక్కదానికే చెప్పాను."

నిన్న సాయంత్రం ఆ పేరు నేను చెప్పింది ఒక్క మా ఆయనకే.

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఏం చెప్పేదానివి?"

"ఇంట్లో మా ఆయనకు చెప్తున్నానని చెప్పేదాన్ని. దాచుకోవాల్సిన సంగతి అని నాకు తెలిస్తే కదా."

తను కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అటవీ గార్డులకి ఇంకా ఫోన్ చెయ్యలేదు. నిన్ను అడిగి చేద్దామని ఆగాను. వద్దంటే మానేస్తాను."

ఆ మాట కూడా నాకు చెంపదెబ్బలాగే తగిలింది. మళ్లీ టెలిస్కోప్‌కు కన్ను ఆనించి, జేబులోంచి ఫోన్ తీసి కన్సొలాతోకు చేశాను. నిజం చెప్పినా చాలు, దిగి ఇంటికి పొమ్మందామనుకున్నాను.

టెలిస్కోప్‌లో అతను ఫోన్ తీసి పేరు చూసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంటి నాతా?"

పెదవులు కదిలిన క్షణం తర్వాత మాట నా చెవిలో పడుతోంది.

"ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, దుకాణంలోనే. పోస్ట్‌మాన్‌ గారి మొహం నిండా సబ్బు పూసి ఉంది. తొందరగా చెప్పు."

"గాలి చప్పుడు వస్తోందే?"

"తలుపు తీసి ఉంది. ఏం, ఇవాళ గద్దలు ఆలస్యమా?"

ఆ మాట అడిగేటప్పుడు కూడా గొంతులో సాయంత్రాల్లో ఉండే ఆ ప్రేమే ఉంది. దెమెత్రియో నవ్వుతూ అన్నగారి తల వెనక రెండు వేళ్లు ఎత్తాడు. కన్సొలాతో వెనక్కి తిరిగి చూసి, ఫోన్ చెవి దగ్గర ఉండగానే, శబ్దం రాకుండా నోరు తెరిచి నవ్వాడు.

"జాగ్రత్త," అన్నాను. "గడ్డం తెగుతుంది."

ఫోన్ పెట్టేసి ఒర్నెల్లాతో చెప్పాను. "చెయ్యి. ఇద్దరున్నారని చెప్పు. ఒక్కడే అనుకుంటే రెండోవాణ్ణి వదిలేస్తారు."

తను మాట్లాడుతుండగానే ఎవరో అరిచారు. మా తలల మీదుగానే, అవతలి వైపు నుంచి గద్దలు గుంపుగా వస్తున్నాయి. అంత కిందగా నేను ఎప్పుడూ చూడలేదు, ఈకల మీది చారలు కూడా కనబడ్డాయి. అలవాటు కొద్దీ పెదవులు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. ఆపేశాను. వాళ్లు నాకు వాడుకోమని ఇచ్చిన బైనాక్యులర్స్ మెడలోంచి తీసి ఒర్నెల్లా కుర్చీ మీద పెట్టాను.

"నాతా, రేపు రావా?" అంది వెనక నుంచి.

"రేపు ఎటువైపో నాకు చెప్పకు," అన్నాను.

దారి దిగుతుంటే గార్డుల జీపు ఎదురొచ్చింది. పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను.

ఇంటికొచ్చి చిక్కుడు బుట్ట ముందు వేసుకున్నాను. పైకాయలన్నీ నిన్న అతనే వొలిచాడు. అడుగున సగం, నిన్న నేను వొలవకుండా వదిలినవి, అలాగే ఉన్నాయి. నేను కొండ పేరు చెప్పగానే అతని చెయ్యి అక్కడితో ఆగింది. ఏ రోజు చూసినా అంతే.